వాలు బొద్దక్షరమును తెలుగు శీర్షికయును

ముద్రితపత్రమున పాఠము చదువబడుటకును, శీర్షిక కంటబడుటకును ఉద్దేశింపబడినవి. ఈ రెండవ ప్రయోజనమునకై పాశ్చాత్యులు కల్పించిన రూపములలో, కొనలయందు అడ్డుగీతలు లేక, బలిసి, కుడివైపునకు వాలియుండు అక్షరము మిక్కిలి ప్రచారము గాంచినది. పందెపు వాహనములు, క్రీడాపరికరములు, అంగళ్ల తగ్గింపుధరల ప్రకటనలు దానికి నెలవులు. దాని మూడు లక్షణములును ఒక్కనాట పుట్టినవి కావు. అవి ఒక్కచోట కూడుటకు నాలుగువందల యేండ్లు పట్టినది.

వాలుట మొదటిది. 1501లో వెనిసు నగరమున ఆల్డస్ మానూషియస్ ప్రకటించిన వర్జిలు కావ్యములకు ఫ్రాంచెస్కో గ్రిఫో చెక్కిన అక్షరములు నాటి చేవ్రాత ననుసరించినవి. వింత యేమనగా, అందు చిన్నయక్షరములే వాలినవి. పెద్దవి నిటారుగనే నిలిచినవి. అడ్డుగీతలు లేని తొలి పోత 1816లో లండనున నాలుగవ విలియం కాస్లను నమూనాపుస్తకమున కానవచ్చినది. దానికి చిన్నయక్షరములే లేవు. 1845లో రాబర్టు బెస్లీ ప్రకటించిన క్లారెండను, పాఠము నడుమ ఒక మాటను ఎత్తిచూపుటకు బొద్దక్షరమును వాడు పద్ధతికి దారి చూపినది.

ఈ ధారలు ఇరువదవ శతాబ్దిలో కలిసినవి. పాల్ రెన్నరు ఫ్యూచురా 1927లోను, ఎరిక్ గిల్ రచించిన గిల్ శాన్సు 1928లోను వెలువడినవి. గిల్ తన వాలుటక్షరములలో కొన్నింటికి వేఱు రూపములనే కల్పించెను. ఫ్యూచురా వాలుట నిటారు రూపమునే ఒఱగించినది. 1957లో పారిసున డెబెర్నీ-పెన్యో సంస్థ వెలువరించిన యూనివర్సులో అడ్రియన్ ఫ్రూటిగరు ఇరువదియొక్క రూపములకు పేర్లు మాని అంకెల నొసగెను. మొదటి యంకె బలమును, రెండవది వెడల్పును వాలును తెలుపును. 55 సామాన్యము, 65 బొద్దు, 66 వాలు బొద్దు. ఒఱగించుట సులభముగ తోచును గాని, వృత్తమును ఒఱగించినచో దాని లావు ఎదురెదురుగ నున్న రెండు మూలలకు చేరి, తక్కిన రెండు మూలలు సన్నగిల్లును. అక్షరము లావైన కొలది ఈ దోషము హెచ్చును. కనుకనే నేర్పరులు ప్రతి వంపును మరల దిద్దుదురు.

తెలుగునకు ఈ విద్య వేఱు చిక్కు తెచ్చినది. షూల్ట్‌జ్ హాలే నగరమున అచ్చొత్తించిన గ్రంథములు మొదలు, సేరంపూరున 1814లో వెలువడిన కేరీ వ్యాకరణము వఱకు, తెలుగు పోతలు నిటారు వ్రాతనే అనుసరించినవి. చెన్నపట్టణమున 1854లో నెలకొన్న వావిళ్లవారి ముద్రాలయము గాని, 1908లో బొంబాయిలో వారపత్రికగా పుట్టి 1914లో చెన్నపట్టణమున దినపత్రికయైన ఆంధ్రపత్రిక గాని ఈ మార్గమునందే నడచినవి. సీసపు టైపున వాలిన యక్షరము తన దిమ్మెను దాటి వెలికి పొడుచుకొని వచ్చి విఱుగును. ఆంగ్లమున ఇది ఒక పంక్తి చిక్కు. తెలుగున గుణింతము పైనను, వత్తు క్రిందను ఉండుటచే మూడంతస్తుల చిక్కు.

పీఠరేఖ నాధారముగ గొని యంత్రము ఒఱగించినపుడు పైభాగము కుడికిని, క్రిందిభాగము ఎడమకును జరుగును. 'స్త్రీ' యను మాట దీనికి చాలిన యుదాహరణము: గుడిదీర్ఘము ఒకదిక్కునకును, తవత్తు రవత్తులు మఱొకదిక్కునకును పోవును. తలకట్టు స్వభావముచేతనే కుడికి ఎగయునది. దానిని మఱింత వాల్చినచో అక్షరమునుండి జాఱినట్లు తోచును. బొద్దుతనపు కీడు ఇంకొకటి. 'థ'కారపు కడుపులోని చుక్క పూడిపోయినచో 'కథ' కాస్త 'కధ' యగును. ఆ తప్పు వ్రాసినవానిది కాదు, పోతది. అయినను నింద వ్రాసినవానికే.

చెన్నపట్టణమున చలనచిత్రముల గోడప్రకటనలకు పేర్లు వ్రాసిన చిత్రకారులకు ఈ బాధ లేకుండెను. చేతివ్రాత లిథోరాతిమీదికి గాని, జింకు బ్లాకుమీదికి గాని ఎక్కునపుడు దిమ్మెల హద్దు లేదు. అక్షరపు మేను వాల్చి, వత్తును దాని యడుగుననే నిలుపుటకు కుంచెకు స్వేచ్ఛ కలదు. బాపు చేవ్రాత పిదప కంప్యూటరు లిపిగా మారి పెండ్లిపిలుపులవఱకు వ్యాపించుటకు, అందు చేయి కనబడుటయే కారణమనవచ్చును.

నేటి స్థితి మిశ్రమము. నోటో శాన్స్ తెలుగు, 2022లో ముంబయి యేక్ టైప్ సంస్థ వెలువరించిన అనేక్ తెలుగు, సన్నము మొదలు మిక్కిలి బొద్దు వఱకు పెక్కు బలములు గలవి; వానికి వాలురూపము లేదు. కావున వాలుమీట నొక్కినపుడు తెరపై కనబడునది చిత్రకారుడు గీచినది కాదు, యంత్రము ఒఱగించినది.

హోసూరునందో బరంపురమందో తెలుగింట పుట్టి వేఱొక లిపిలో చదువు నేర్చు బాలునకు ఇది చిన్న సంగతి కాదు. 2006 నాటి చట్టముచే తమిళనాట తమిళము నిర్బంధపాఠ్యమైన పిదప, తెలుగు అక్షరము వానికి పుస్తకముకంటె ముందుగా గోడమీదను, సభాపత్రముమీదను ఎదురగుచున్నది. అట్టి పత్రమున ప్రక్కనున్న ఆంగ్లశీర్షికతో జోడు కుదురుటకై తెలుగును యంత్రముచే వాల్చుటకంటె, నిటారు బొద్దక్షరమునే యుంచి, వత్తులకు చోటు చాలునట్లు పంక్తుల నెడము హెచ్చించుట మేలు. వాలు తప్పనిచో, ఆ నాలుగు మాటలను చేతితో వ్రాయించి పటము తీయించుట నేటికిని సాధ్యమే.