క్యాంపస్‌లో వాక్‌స్వేచ్ఛ ఎంతవరకు? వేధింపు ఎక్కడ మొదలవుతుంది?

దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ అంటేనే కాలేజీలు, కోచింగ్ సెంటర్లు, హాస్టళ్లు. క్లాసులో మొదలైన వాదన రాత్రికి వాట్సాప్ గ్రూపులో తిట్లకు చేరుతుంది. 'నా అభిప్రాయం చెప్పా' అని ఒకరు, 'నన్ను వేధిస్తున్నారు' అని మరొకరు. చట్టం ఏమంటోంది?

నచ్చని మాట నేరమా?

కాదు. రాజ్యాంగంలోని 19(1)(ఎ) అధికరణం భావప్రకటన స్వేచ్ఛ ఇచ్చింది. శాంతిభద్రతలు, పరువునష్టం, నేరానికి ఉసిగొల్పడం వంటి 19(2)లోని కారణాలతోనే, చట్టం ద్వారానే ఆంక్షలు పెట్టాలి. చికాకు కలిగించే పోస్టులనూ నేరంగా చూసిన ఐటీ చట్టం 66ఎ సెక్షన్‌ను సుప్రీంకోర్టు 2015 మార్చి 24న శ్రేయా సింఘాల్ కేసులో కొట్టేసింది. ఫీజులపై విమర్శ, కాలేజీపై వ్యంగ్యం ఎవరికో కోపం తెప్పించినంత మాత్రాన నేరం కావు.

ఏది వేధింపు?

- ర్యాగింగ్: 1997 నాటి ర్యాగింగ్ నిషేధ చట్టం తెలంగాణలోనూ అమల్లో ఉంది. తోటి విద్యార్థిని ఏడిపించినా, అవమానించినా 6 నెలల వరకు జైలు లేదా రూ.1,000 వరకు జరిమానా, లేదా రెండూ. కులం, మతం, ప్రాంతం పేరుతో దూషించడాన్నీ యూజీసీ 2016లో ర్యాగింగ్‌లో చేర్చింది.
- మహిళపై లైంగిక వ్యాఖ్యలు: బీఎన్ఎస్ సెక్షన్ 75. ఏడాది వరకు జైలు, జరిమానా లేదా రెండూ.
- అమ్మాయి వద్దన్నా వెంటపడటం, పదేపదే మెసేజ్‌లు పెట్టడం: సెక్షన్ 78. మొదటిసారి 3 ఏళ్ల వరకు జైలు, జరిమానా.

ఎవరికి చెప్పాలి?

ర్యాగింగ్ అయితే ప్రిన్సిపల్‌కు, లేదా 1800-180-5522 హెల్ప్‌లైన్‌కు. ఫిర్యాదు అందినా కదలని ప్రిన్సిపల్ నేరానికి సహకరించినట్టేనని 1997 చట్టం చెబుతోంది.

లైంగిక వేధింపులైతే 2013 చట్టం ప్రకారం ఇంటర్నల్ కమిటీకి 3 నెలల్లోగా రాసివ్వాలి. విచారణ 90 రోజుల్లో ముగించాలి. 10 మంది, అంతకంటే ఎక్కువ సిబ్బంది ఉన్న కోచింగ్ సెంటర్‌లోనూ ఈ కమిటీ తప్పనిసరి. అంతకంటే చిన్న సంస్థ అయితే జిల్లా స్థాయి లోకల్ కమిటీ ఉంటుంది.

పోలీసులకు 112. కాలేజీ చైతన్యపురిలో, హాస్టల్ మలక్‌పేటలో ఉన్నా ఏ స్టేషన్‌లోనైనా జీరో ఎఫ్ఐఆర్ నమోదు చేయాలి. 'మా పరిధి కాదు' అనకూడదు. చాట్ డిలీట్ చేయొద్దు. తేదీ, నంబరు కనిపించేలా స్క్రీన్‌షాట్లు తీసుకోండి.

విమర్శించినందుకే సస్పెండ్ చేస్తే?

కారణాలతో రాతపూర్వక ఉత్తర్వు అడగండి. జవాబు చెప్పుకునే అవకాశం కోరండి. ప్రభుత్వ యూనివర్సిటీ అయితే 226వ అధికరణం కింద హైకోర్టుకు వెళ్లొచ్చు.