రెండు జన్మల మిరాకిల్‌మ్యాన్

విశ్రాంతి తీసుకుంటున్న సూపర్‌హీరో మళ్లీ రంగంలోకి దిగడం అనగానే కామిక్స్ అభిమానులకు ముందుగా గుర్తొచ్చేది 1986లో ఫ్రాంక్ మిల్లర్ తెచ్చిన ‘ది డార్క్ నైట్ రిటర్న్స్’. వయసు మళ్లిన బ్యాట్‌మ్యాన్ కథ అది. గొప్ప కథే. అయితే దానికి నాలుగేళ్ల ముందే బ్రిటన్‌లో ఒక నలుపు తెలుపు పత్రిక మరో వీరుణ్ని నిద్ర లేపింది. ఆ వీరుడు కథలోనే కాదు, నిజంగానే దాదాపు ఇరవై ఏళ్లపాటు కనబడకుండా పోయినవాడు. అప్పట్లో అతని పేరు మార్వెల్‌మ్యాన్. తర్వాత మిరాకిల్‌మ్యాన్ అయ్యాడు.

వంశవృక్షం అమెరికాలో మొదలవుతుంది. 1940లో ఫాసెట్ సంస్థ కోసం బిల్ పార్కర్, సి.సి. బెక్ కెప్టెన్ మార్వెల్‌ను సృష్టించారు. బిల్లీ బాట్సన్ అనే కుర్రాడు ‘షజామ్’ అనగానే పిడుగు పడుతుంది, ఎర్ర దుస్తుల మహాబలుడు ప్రత్యక్షమవుతాడు. నలభైలలో ఈ కామిక్ సూపర్‌మ్యాన్‌ను మించి అమ్ముడుపోయింది. సూపర్‌మ్యాన్ యజమానులు ఊరుకోలేదు. మా వీరుణ్నే కాపీ కొట్టారంటూ 1941లో దావా వేశారు. ఏళ్ల తరబడి నడిచిన ఆ వ్యాజ్యం 1951లో అప్పీలు కోర్టులో ఫాసెట్‌కు ఎదురు తిరిగింది. అప్పటికి సూపర్‌హీరోల గిరాకీ కూడా పడిపోయింది. 1953లో ఫాసెట్ రాజీకి వచ్చి కెప్టెన్ మార్వెల్‌కు స్వస్తి చెప్పింది.

ఆ దెబ్బ అట్లాంటిక్ దాటి లండన్‌లోని లెన్ మిల్లర్‌కు తగిలింది. ఫాసెట్ కథలను బ్రిటన్‌లో తిరిగి అచ్చువేసి బతుకుతున్న ప్రచురణకర్త ఆయన. సరుకు ఆగిపోయింది, చదివే పిల్లలు మాత్రం ఎదురుచూస్తున్నారు. అప్పుడాయన మిక్ యాంగ్లో అనే చిత్రకారుణ్ని ఆశ్రయించాడు. యాంగ్లో పెద్దగా మార్చిందేమీ లేదు. బిల్లీ బాట్సన్ స్థానంలో పత్రికాఫీసులో పనిచేసే కుర్రాడు మిక్కీ మోరాన్ వచ్చాడు. నల్ల జుట్టు బంగారు రంగుకు మారింది, ఎర్ర దుస్తులు నీలమయ్యాయి. మాంత్రికుడి బదులు ఖగోళ శాస్త్రవేత్త వచ్చి ‘కిమోటా’ అనే మాట చెవిలో వేశాడు. ‘అటామిక్’ను తిరగేసిన మాట అది. బ్రిటన్ తన తొలి అణుబాంబును 1952లోనే పేల్చింది కాబట్టి, ఆనాటి పిల్లలకు మంత్రం కన్నా అణువే ఎక్కువ మహిమ గలదిగా కనిపించి ఉంటుంది.

1954 ఫిబ్రవరిలో వచ్చిన మొదటి మార్వెల్‌మ్యాన్ సంచిక మీద 25 అని ఉంటుంది. కెప్టెన్ మార్వెల్ ఆగిన చోటి నుంచే లెక్క కొనసాగించారు. తోడుగా యంగ్ మార్వెల్‌మ్యాన్, కిడ్ మార్వెల్‌మ్యాన్ వచ్చారు. డాక్టర్ గర్గుంజా అనే ప్రతినాయకుడు కుదిరాడు. 346 సంచికలు నడిచాయి. 1959లో అమెరికన్ కామిక్స్ దిగుమతి మీద ఆంక్షలు తొలగాక రంగురంగుల అసలు సరుకు దుకాణాల్లోకి దిగింది. 1963లో మార్వెల్‌మ్యాన్ ఆగిపోయాడు. ఎవరూ ఏడవలేదు.

కానీ నార్తాంప్టన్‌లో ఒక కార్మిక కుటుంబపు కుర్రాడు అతణ్ని మరిచిపోలేదు. అతని పేరు అలన్ మూర్. 1982 మార్చిలో డెజ్ స్కిన్ ‘వారియర్’ మాసపత్రిక మొదలుపెట్టినప్పుడు మార్వెల్‌మ్యాన్‌ను తిరిగి రాసే పని మూర్‌కు దక్కింది. బొమ్మలు మొదట గ్యారీ లీచ్, తర్వాత అలన్ డేవిస్ వేశారు.

మూర్ చేసిన పనిలోని ధైర్యం ఏమిటంటే, ఆ మధ్యలో పోయిన ఏళ్లను దాచిపెట్టకుండా కథకే ఇరుసు చేశాడు. మైక్ మోరాన్‌కు ఇప్పుడు నడివయసు. చాలీచాలని సంపాదనతో నెట్టుకొచ్చే విలేకరి. తలనొప్పులు, ఎగురుతున్నట్టు పీడకలలు. వార్త కోసం వెళ్లిన అణువిద్యుత్ కేంద్రాన్ని ముష్కరులు ముట్టడించినప్పుడు, గాజు తలుపు మీద ‘అటామిక్’ అన్న అక్షరాలు అవతలి వైపు నుంచి తిరగబడి కనిపిస్తాయి. నోరు దానంతటదే పలుకుతుంది. ఇంటికొచ్చి తన పాత సాహసాలు చెబితే భార్య లిజ్ నవ్వాపుకోలేకపోతుంది. నిజంగానే అవి పిల్లల కథల్లా ఉంటాయి. ఎందుకలా ఉన్నాయో కూడా మూర్ తర్వాత చెబుతాడు. అవేవీ జరగలేదు. కూలిపోయిన గ్రహాంతర నౌక నుంచి దొరికిన శాస్త్రంతో ప్రభుత్వం గర్గుంజా చేత ఈ మహాబలుల శరీరాలను తయారు చేయించింది. వారిని నేలమాళిగలో నిద్రపుచ్చి, పిల్లల కామిక్స్‌లోని కథలనే కలలుగా ఎక్కించింది. అదుపు తప్పుతారన్న భయం పుట్టాక, 1963లో అణుబాంబుతో చంపబోయింది.

ఆ పేలుడు నుంచి మరొకడు కూడా బతికాడు. ఒకప్పటి చిట్టి తోడు కిడ్ మార్వెల్‌మ్యాన్, అంటే జానీ బేట్స్. మామూలు పిల్లవాడిగా మారకుండా, మహాబలుడి రూపంలోనే పెరిగి పెద్దవాడై, పెద్ద కంపెనీకి అధిపతి అయ్యాడు. కంచే చేను మేసింది.

ఈ కామిక్‌లోని హింస గురించి చాలామంది అభ్యంతరం చెబుతారు. 1988లో వచ్చిన 15వ సంచికలో బేట్స్ లండన్‌ను నాశనం చేస్తాడు. జాన్ టోటల్‌బెన్ గీసిన ఆ పుటల్లో కళ్లు తిప్పుకోలేనంత ఘోరం ఉంది. పిల్లల చేతికి ఇవ్వకూడని సంచిక అది. అయినా నేను దాన్ని సమర్థిస్తాను. అంతకుముందు దశాబ్దాలుగా సూపర్‌హీరోలు భవనాలు కూలగొడుతూ కొట్టుకుంటుంటే, వాటి కింద ఎవరైనా ఉన్నారా అని ఎవరూ అడగలేదు. దేవతల్లాంటి ఇద్దరు నగరం నడిబొడ్డున తలపడితే పక్కనున్న మనిషికి ఏమవుతుందో టోటల్‌బెన్ గీశాడు. ఆ తర్వాత వచ్చిన అనుకరణల్లో నెత్తురు మిగిలింది, ఆ పక్కమనిషి మాయమయ్యాడు. నన్ను అంతకన్నా వేధించేది దానికి ముందు సంచిక. భార్య వెళ్లిపోయాక మైక్ మోరాన్ కొండెక్కి ఆఖరిసారి ‘కిమోటా’ అంటాడు. ఇక ఎప్పటికీ మనిషిగా తిరిగి రాడు. వీరుడి పునరాగమనానికి మూల్యం చెల్లించింది ఆ సామాన్యుడే.

పుస్తకం పడ్డ కష్టాలు కూడా తక్కువేం కాదు. అమెరికా మార్వెల్ కంపెనీ పేరు మీద అభ్యంతరం చెప్పింది. 1954లో మార్వెల్‌మ్యాన్ పుట్టేనాటికి ఆ కంపెనీ ఈ పేరుతో వ్యాపారమే చేయలేదు, అయినా బలం దానిదే. 1984లో కథ మధ్యలో ఆగింది. మరుసటి ఏడాది కాలిఫోర్నియాకు చెందిన ఎక్లిప్స్ సంస్థ రంగుల్లో, మిరాకిల్‌మ్యాన్ పేరుతో మొదలుపెట్టింది. మూర్ 1989లో 16వ సంచికతో ముగించి, పగ్గాలు నీల్ గేమన్‌కు, చిత్రకారుడు మార్క్ బకింగ్‌హామ్‌కు అప్పగించాడు. 1993లో 24వ సంచిక తర్వాత ఎక్లిప్స్ కుప్పకూలింది. దివాలా తీసిన ఆ సంస్థ ఆస్తులను 1996లో ‘స్పాన్’ సృష్టికర్త టాడ్ మెక్‌ఫార్లేన్ కొన్నాడు. హక్కులెవరివన్న చిక్కుముడి ఏళ్లకేళ్లు విడలేదు. పాత సంచికలు పునర్ముద్రణకు నోచుకోక, సేకర్తల మధ్య చేతులు మారుతూ వచ్చాయి.

చివరికి 2009లో మార్వెలే మిక్ యాంగ్లో నుంచి హక్కులు కొంది. పేరు మీద తగువు పెట్టిన ఇంటికే వీరుడు చేరాడు. 2014లో పునర్ముద్రణ మొదలైంది. మూర్ తన పేరు వేయవద్దన్నాడు కాబట్టి, రచయిత ఉండాల్సిన చోట ‘ది ఒరిజినల్ రైటర్’ అని అచ్చయింది. గేమన్, బకింగ్‌హామ్ 1993లో వదిలేసిన ‘సిల్వర్ ఏజ్’ భాగం 2022లో మళ్లీ మొదటి నుంచి వెలువడింది. కొత్తగా చదవాలనుకునేవారు మూర్ రాసిన మూడు భాగాలను వరుస తప్పకుండా చదవాలి. నేరుగా 15వ సంచికకు వెళితే లండన్ శవాలు కనిపిస్తాయి గానీ, మైక్ మోరాన్ ఎవరో తెలియదు.