కారు రంగుపై కాపలా పొర

మోటారు కారు పుట్టిన తొలినాళ్లలో దానికి రంగు వేసినది గుర్రపు బగ్గీలకు రంగులద్దిన పనివారే. అవిసె నూనెలో కోపల్ వంటి చెట్టు బంకను కాచి తీసిన వార్నిష్‌ను పొర మీద పొరగా పూసి, ఒక్కొక్క పొర ఆరిన తరువాత నునుపుగా రుద్ది, మళ్లీ పూసే ఆ పద్ధతిలో ఒక్క బండి సిద్ధం కావడానికి వారాలు పట్టేది. అంత శ్రమపడి తెచ్చిన మెరుపు కూడా ఎండకు పసుపెక్కి, కొన్నేళ్లకే పగుళ్లు దేరేది. ఇరవయ్యో శతాబ్దంలో ఈ మెరుపును కాపాడటానికి వచ్చిన మైనాలు, పాలిష్‌లు, స్ప్రేల కథ నిజానికి వాటి కింద ఉన్న రంగు కథే. రంగు స్వభావం మారినప్పుడల్లా దాని లోపమూ మారింది, ఆ లోపాన్ని వెతుక్కుంటూ కొత్త పూత వచ్చింది.

మొదటి పెద్ద మలుపు 1923లో డ్యూపాంట్, జనరల్ మోటార్స్ కంపెనీలు కలిసి ప్రవేశపెట్టిన డ్యూకోతో వచ్చింది. ఇది దూది వంటి సెల్యులోజ్‌ను నత్రికామ్లంతో మార్చి, ద్రావకంలో కరిగించి, గన్‌తో చల్లే లాకర్. ద్రావకం గాలిలో ఎగిరిపోగానే రంగు పొర మిగులుతుంది కనుక వారాల పని గంటల్లోకి దిగింది. డ్యూకోలో లక్క లేకపోయినా లాకర్ అన్న మాటకు మూలం మాత్రం లక్కే; ఏటికొప్పాకలో తరిణె మీద తిరిగే అంకుడు కర్రకు లక్క కడ్డీని అదిమి, రాపిడి వేడికి అది కరిగి అంటుకునేలా చేసే బొమ్మల పనివారి లక్కకూ ఈ మాటకూ చుట్టరికం ఉంది. డ్యూకో కూడా తన కంపెనీని దాటి సామాన్య నామంగా మారింది. తలుపులకూ అల్మరాలకూ గన్‌తో కొట్టే నునుపైన రంగును మన వడ్రంగులు నేటికీ డ్యూకో అనే పిలుస్తారు.

డ్యూకోకు రెండు బలహీనతలు ఉండేవి. గన్ నుంచి వెలువడిన పొర మసకగా, మెరుపు లేకుండా ఆరేది కనుక సన్నని రాపిడి పొడి కలిపిన ముద్దతో, అంటే కాంపౌండ్‌తో, రుద్దితేనే నిగ్గు తేలేది. ఎండావానలకు ఆ నిగ్గు మళ్లీ సుద్దపొడిలా రాలేది. షికాగోలో 1910లో మొదలైన సైమనైజ్ వంటి మైనాలకు ఇక్కడే అసలు గిరాకీ దొరికింది, చివరికి ఆ పేరు ఇంగ్లీషు నిఘంటువుల్లో ఒక క్రియాపదంగానే స్థిరపడింది. మైనం రంగుకు పోషణ ఇస్తుందన్న ప్రచారం చాలాకాలం సాగింది గాని, చచ్చిన పొరను గీకి కొత్త పొరను బయటపెట్టినది కాంపౌండే. మైనం చేసినదల్లా ఆ కొత్త పొరను నీటి నుంచీ మురికి నుంచీ కొంతకాలం కప్పి ఉంచడమే.

ఆ మైనాల్లో మేలైనదిగా పేరుబడ్డ కార్నౌబా ఈశాన్య బ్రెజిల్‌లోని సియరా, పియవీ ప్రాంతాల్లో పెరిగే, తాటి కుటుంబానికి చెందిన ఒక చెట్టు ఆకుల నుంచి వస్తుంది. ఆకు తాటాకులాగే విసనకర్ర ఆకారంలో ఉంటుంది. అక్కడి ఎండలకు ఒంట్లోని తేమ పోకుండా చెట్టు తన ఆకు మీద తానే మైనం పూసుకుంటుంది. వానలు లేని నెలల్లో పొడవాటి గడకు కట్టిన కొడవలితో ఆకులు కోసి, నేల మీద పరిచి ఎండబెడితే, ఆకు ముడుచుకుపోయి మైనం తెల్లని పొడిగా విడివడుతుంది. ఆకును బాది ఆ పొడిని రాల్చి, కరిగించి, వడకట్టి, గడ్డలుగా పోస్తారు. తేనెమైనం 62 నుంచి 64 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరిగితే కార్నౌబా 80 డిగ్రీలు దాటాకే కరుగుతుంది కనుక ఎండలో కాలిన రేకు మీద నిలుస్తుంది. అయితే ఈ గట్టిదనం వల్ల ఒంటరిగా పూయడానికి లొంగదు. మెత్తని మైనాలు, ద్రావకాలు కలిపి డబ్బాలో ముద్దగా అమ్మవలసి వచ్చింది. దీని మీద ఆధారపడిన జాన్సన్ మైనం కంపెనీ అధిపతి హెర్బర్ట్ జాన్సన్ 1935లో, నీటి మీదా నేల మీదా దిగగల సికోర్‌స్కీ విమానానికి కార్నౌబా అనే పేరు పెట్టి, విస్కాన్సిన్ నుంచి బ్రెజిల్ దాకా ఎగిరి వెళ్లి ఆ చెట్ల లభ్యతను పరిశీలించాడు. ఎండలో ఆకు కోసే కూలీల కష్టం మాత్రం డబ్బా మీది బొమ్మల్లో ఎన్నడూ కనబడలేదు. ఈ తోటల్లో వెట్టిచాకిరీని తలపించే పరిస్థితుల నుంచి మనుషులను బ్రెజిల్ కార్మిక తనిఖీ అధికారులు ఇటీవలి కాలంలోనూ విడిపించారు.

రెండో ప్రపంచ యుద్ధం తరువాత పాలిష్‌లలోకి సిలికోన్ నూనె ప్రవేశించడంతో రుద్దే శ్రమ తగ్గింది, రంగు వేసేవారికి కొత్త చిక్కు మొదలైంది. రేకు మీద సిలికోన్ జాడ చుక్కంత మిగిలినా, పైన కొట్టిన రంగు ఆ చోటు నుంచి వెనక్కి జరిగి, చేప కన్ను లాంటి గుండ్రని గుంట ఏర్పడుతుంది.

1980ల నుంచి విరివిగా వచ్చిన క్లియర్ కోటు, అంటే రంగు మీద కొట్టే పారదర్శకమైన గట్టి పొర, మైనం పాత కొలువును దాదాపు ఊడగొట్టింది. ఎండలోని అతినీలలోహిత కిరణాలను పీల్చే రసాయనాలు ఆ పొరలోనే ఉండటంతో రంగు సుద్దగా రాలడం తగ్గిపోయింది. అయితే ఈ పొర మందం సుమారు 40 మైక్రాన్లే, వెంట్రుక మందం కన్నా తక్కువ. కాంపౌండ్ పట్టిన ప్రతిసారీ అది కొంత అరుగుతుంది. కనుక కాపాడవలసినది రంగు కాక, దాని మీది కంటికి కనబడని పొర అయింది.

సిరామిక్ పూత ఈ దశలో వచ్చినదే గాని, దాని రసాయనం కారు కన్నా పాతది. ఫ్రాన్స్‌లోని సెవ్ర్ పింగాణీ కర్మాగారానికి అధిపతిగా పనిచేసిన ఎబెల్మెన్, సిలికాన్ సమ్మేళనాన్ని ఆల్కహాల్‌తో కలిపి తీసిన ద్రవం గాలిలోని తేమకు మెల్లగా గాజులా గడ్డకట్టడాన్ని 1840ల నడుమ గమనించాడు. ఆ సూత్రంతో జర్మనీకి చెందిన షాట్ సంస్థ 1959 నుంచి కార్ల వెనుకచూపు అద్దాలకు పూతలు వేసింది. రేకు కన్నా ముందు ఈ పూత కారులో అద్దం మీదికి చేరిందన్నమాట. నేటి సిరామిక్ ద్రవాలు కూడా తేమతో చర్య జరిపి, సిలికా ఆధారమైన పలుచని పొరగా క్లియర్ కోటును పట్టుకుంటాయి. చిన్న సీసాలోని ద్రవాన్ని గుడ్డ చుట్టిన స్పాంజి దిమ్మ మీద కొన్ని చుక్కలు వేసి, అడ్డంగా నిలువుగా పూసి, నిమిషాల్లో తుడిచేయాలి. ఆలస్యమైతే చారలు గట్టిపడి, మళ్లీ కాంపౌండ్‌తో గీకితే తప్ప పోవు. ప్రకటనల్లో కనిపించే 9హెచ్ అన్న కొలత పెన్సిల్ ముల్లుతో గీసి చూసే పరీక్షకు చెందినది, రత్నాల కాఠిన్యానికి కాదు.

స్ప్రేలు దీనికి పలుచని రూపం. చల్లి, మైక్రోఫైబర్ గుడ్డతో తుడిచేస్తే చాలుననిపించే వీటిలో చర్య జరిపే పదార్థం తక్కువ, నీళ్లే ఎక్కువ. సంవత్సరాలు నిలవాలన్న పూత ఇక్కడ నెలలకు కుదించుకుపోయింది. మైనమైనా స్ప్రే అయినా తాను ఉన్నానని చూపేది నీటి బొట్టుతోనే: పరచుకోవలసిన నీరు ముత్యంలా నిలబడుతుంది. బోరు నీళ్లతో కారు కడిగే తెలుగు ఊళ్లలో ఆ ముత్యమే చిక్కు తెస్తుంది. తుడవకుండా ఎండలో వదిలితే నీరు ఆవిరై, అందులోని సున్నపు లవణాలు బొట్టు నిలిచిన చోటే తెల్లని వలయంగా మిగిలిపోతాయి.