బైరాన్‌పల్లి బురుజు

ఇంట్లోవాళ్ళ మాట కాదనలేక కొమురవెల్లి మల్లన్న దగ్గరికి వెళ్ళాను. తిరుగుదారిలో పిల్లల పోరు పడలేక పల్లెబాట పట్టాం. ఒక ఊళ్ళో ఎత్తయిన బురుజు కనిపించింది. "ఏ రాజు కట్టించాడు నాన్నా?" అంది అమ్మాయి. నేను బడిలో నేర్పుతూ వచ్చిన ప్రశ్నే అది!

ఆ ఊరు బైరాన్‌పల్లి. రజాకార్ల దోపిడీని తిప్పికొట్టిన ఊరు. బురుజెక్కి కాపలా కాసింది గ్రామరక్షణ దళం. 1948 ఆగస్టు 27 తెల్లవారుజామున నిజాం సైన్యమూ రజాకార్లూ ఫిరంగులతో వచ్చిపడ్డారు. దొరికినవాళ్ళను వరుసగా నిలబెట్టి కాల్చారు. మరి 21 రోజులకు, సెప్టెంబరు 17న, నిజాం లొంగిపోయాడు, 1950లో రాజప్రముఖుడయ్యాడు. నేను చదువుకున్న పాఠాల్లో ఆయన పేరుంది, ఈ ఊరి పేరు లేదు.

"ఎవరు కట్టించారని కాదమ్మా, ఎవరు కాపాడారని అడుగు" అన్నాను. ఆ పాఠం ముందుగా నేర్వవలసినవాణ్ణి నేనే.