‘అబ్సొలీట్’ అంటే ఏమిటి? ఎక్కడ వాడాలి?

పాతబడిన వాటి గురించి చెప్పేటప్పుడు ఇంగ్లీషులో తరచుగా వినిపించే విశేషణం ‘అబ్సొలీట్’. ‘అరిగిపోయిన, పాతబడిన’ అనే అర్థమున్న లాటిన్ మాట దీనికి మూలం. వాడకం ఆగిపోయి, సాధారణంగా ఆ పనికి కొత్తది మరొకటి వచ్చేసిందని ఇప్పటి అర్థం.

తెలుగులో దీన్ని ‘కాలం చెల్లిన’ అంటాం. చిక్కు ఇక్కడే ఉంది. మనకు చట్టానికైనా మందుకైనా ‘కాలం చెల్లిన’ అన్న మాట సరిపోతుంది. ఇంగ్లీషులో అలా కుదరదు. గడువు దాటిన మందు, పాస్‌పోర్టు ‘ఎక్స్‌పైర్డ్’ అవుతాయి. మందును ‘అబ్సొలీట్’ అంటే, డబ్బా మీద తేదీ బాగానే ఉన్నా డాక్టర్లు ఆ మందు రాయడం మానేశారని అర్థం. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నల మందుల గురించి ఇక్కడి ఫార్మసీలో మాట్లాడేటప్పుడు ఈ తేడా గుర్తుంచుకోవాలి.

దగ్గరి మాటలు

ఓల్డ్ ఫ్యాషన్డ్: పాత పద్ధతిదే, కానీ వాడేవాళ్లు ఉన్నారు. మిక్సీ వచ్చినా కొందరు పచ్చడి రోట్లోనే నూరుతారు. కాబట్టి రోలు ‘అబ్సొలీట్’ కాదు. ఇండియాలో 2013 జులైలో ఆగిపోయిన టెలిగ్రామ్ సేవ మాత్రం ముమ్మాటికీ ‘అబ్సొలీట్’.

యాంటీక్: పాతదనం వల్లే విలువ పెరిగిన వస్తువు.

ఆర్కయిక్: రోజువారీ వాడుకలోంచి పోయినా పాత పుస్తకాల్లో కనిపించేది. బండి ‘ఱ’ ఇలాంటిదే. ఇప్పుడు రాసేవాళ్లు తక్కువ, పాత కావ్యాలు చదవాలంటే మాత్రం తెలిసి ఉండాలి.

అబ్సొలెసెంట్: ఇంకా పూర్తిగా పోలేదు, పోయే దారిలో ఉంది.

పలకడం ఎలా?

అమెరికాలో ఎక్కువగా చివరి ‘లీట్’ను నొక్కి పలుకుతారు. బ్రిటన్‌లో మొదటి అక్షరాన్ని నొక్కుతారు.

మనుషులకు వాడొచ్చా?

ఈ మాట వస్తువులకు, యంత్రాలకు, పద్ధతులకు, పదాలకు సరిపోతుంది. మనిషిని అలా అంటే ‘ఇక నీతో పని లేదు’ అన్నట్టే. పిల్లలు తాతయ్య అలవాట్లను సరదాగా ‘అబ్సొలీట్’ అంటే కోప్పడక్కర్లేదు. రెండు ప్రశ్నలు వేయండి: దీన్ని ఇంకా ఎవరైనా పాటిస్తున్నారా? దీనికంటే బాగా ఆ పని చేసేది మరొకటి వచ్చిందా? తాతయ్య పాటిస్తూనే ఉన్నారు కాబట్టి, మొదటి ప్రశ్నకే ఆ మాట తప్పని తేలిపోతుంది. ‘ఓల్డ్ ఫ్యాషన్డ్’ అంటే మాత్రం తాతయ్య కూడా నవ్వి ఒప్పుకుంటారు.