పదును పోయే తీరు: ఇనుములో డ్రిల్ బిట్, కలపలో రౌటర్ బిట్

యానాం, తాళ్ళరేవు ప్రాంతంలో చెక్క పడవలు కట్టడం పాత వృత్తి. 1839 నాటి తుపాను దెబ్బ తీసేవరకు పక్కనున్న కోరంగి ఓడల నిర్మాణానికి పేరు పొందిన రేవు. పడవ పనిలో కలప, ఇనుము పక్కపక్కనే ఉంటాయి. ఉదయం ఇనుప పట్టీకి బోల్టు రంధ్రాలు వేసిన చేతులే మధ్యాహ్నం టేకు పలకకు గాడి తీస్తాయి. రెండు చోట్లా బిట్లు అరుగుతాయి గాని అరిగే కారణం ఒకటి కాదు. ఇనుములో ప్రధాన శత్రువు వేడి, కలపలో రాపిడి. ఈ తేడా గ్రహించక మొద్దుబారిన బిట్‌ను పారవేసి కొత్తది బిగిస్తే, అదీ అదే దారి పడుతుంది. కనుక పారవేసే ముందు దాని అంచును భూతద్దంతో చూడాలి.

మొదట ఇనుము సంగతి. బిట్ బయటి మూలలు గుండ్రంగా అరిగి, నీలి రంగు తేలితే వేగం మితిమీరిందని అర్థం. రంధ్రంలో అన్నిటికన్నా వేగంగా కదిలేది బయటి మూలే గనుక ముందు అదే కాలుతుంది. సాధారణ మైల్డ్ స్టీలుకు హైస్పీడ్ స్టీల్ బిట్ కోత వేగం నిమిషానికి 25 మీటర్లు అనుకుంటే, 10 మి.మీ. బిట్ నిమిషానికి సుమారు 800 చుట్లు తిరగాలి, 5 మి.మీ. బిట్ 1,600 చుట్లు. చేతి డ్రిల్ మిషన్లలో చాలా వాటి పూర్తి వేగం 2,500 చుట్లు దాటుతుంది. మీట పూర్తిగా నొక్కిపట్టి పెద్ద రంధ్రం వేయడమే మన దుకాణాలలో బిట్లు కాలిపోవడానికి మొదటి కారణమని నా అభిప్రాయం.

నీలి రంగు కనబడగానే బిట్ చచ్చిందనుకోనక్కరలేదు. చవకరకపు కార్బన్ స్టీల్ బిట్ అయితే నీలి రంగు తేలేసరికే మెత్తబడుతుంది. 1900 పారిస్ ప్రదర్శనలో ప్రపంచాన్ని ఆశ్చర్యపరిచిన హైస్పీడ్ స్టీలు మాత్రం దాదాపు 600 డిగ్రీల సెంటీగ్రేడు వరకు గట్టిదనం నిలుపుకుంటుంది. అరిగిన మూల పూర్తిగా పోయేవరకు సాన పడితే మళ్ళీ పనిచేస్తుంది. సాన పట్టేటప్పుడు ఎర్రగా కాగిన బిట్‌ను నీళ్ళలో ముంచరాదు. కంటికి కనబడని పగుళ్ళు పడతాయి.

స్టెయిన్‌లెస్ స్టీలు కథ వేరు. కోయకుండా రాపిడి జరిగితే ఆ లోహం ఉపరితలం మరింత గట్టిపడుతుంది. భయపడి మెల్లగా నొక్కేవారికే ఇక్కడ ఎక్కువ నష్టం. 10 మి.మీ. బిట్‌కు 400 చుట్లు దాటకుండా, కటింగ్ ఆయిల్ వేస్తూ, గట్టిగా, ఆగకుండా నొక్కాలి. సాధారణ బిట్ల మొన కోణం 118 డిగ్రీలు. ఈ పనికి 135 డిగ్రీలది మేలు.

బిట్ కీచుమంటూ లోనికి దిగకపోతే కోత అంచు వెనుక వాలు చాలలేదన్న మాట. ఆ వాలు 8 నుండి 12 డిగ్రీలు ఉండాలి. అంతకు మించితే అంచు బలహీనమై చిట్లుతుంది. ఒక గాడి నుండే చుట్టలు వచ్చి, రెండవది ఖాళీగా ఉండి, రంధ్రం బిట్ కన్నా పెద్దదైతే రెండు అంచులూ సమానంగా సాన పట్టలేదని తెలుసుకోవాలి. పడవలో ఇది చిన్న లోపం కాదు. వదులైన బోల్టు రంధ్రం నీటికి దారి.

ఇక కలప. ఇనుముకన్నా మెత్తనిదే కదా అని తేలిక చేయరాదు. టేకులో సహజంగా సిలికా, అంటే ఇసుకలోని పదార్థమే, ఉంటుంది. అది హైస్పీడ్ స్టీల్ అంచును కొద్దిసేపటిలోనే అరగదీస్తుంది. ఇక్కడ కార్బైడ్ అంచు గల బిట్ తప్పదు. మన దుకాణాలలో దీనిని ‘విడియా’ అంటారు. 1920ల చివర క్రుప్ సంస్థ పెట్టిన ఆ జర్మన్ పేరుకు మూలం ‘వజ్రంలా’ అనే అర్థమిచ్చే మాట.

కలపపై నల్లని కాలిన చారలు పడితే ఎక్కువమంది వేగాన్ని నిందిస్తారు. తరచు అసలు దోషం నెట్టడంలో ఉంటుంది. రెండు అంచుల బిట్ నిమిషానికి 18,000 చుట్లు తిరుగుతూ, చేయి నిమిషానికి 3 మీటర్లు నెట్టితే, ఒక్కొక్క అంచు 0.08 మి.మీ. మందాన కలప తీస్తుంది. నెట్టడం 0.6 మీటరుకు తగ్గితే ఆ మందం 0.02 మి.మీ. లోపే, అప్పుడు అంచు కోయదు, రుద్దుతుంది. లోతు గాడిని రెండు మూడు విడతలుగా తీస్తూ, ఆగకుండా నెట్టాలి. బిట్ వెడల్పు 50 మి.మీ. సమీపిస్తే చుట్లు 12,000కు మించరాదు. తయారీదారు అంకె అంతకన్నా తక్కువైతే అదే పాటించాలి.

మొద్దుబారిందనుకున్న బిట్‌పై కొన్నిసార్లు జిగురు మాత్రమే పేరుకుని ఉంటుంది. మిషన్ నుండి తీసి, చాకలి సోడా కలిపిన వేడినీటిలో కొద్దిసేపు ఉంచి బ్రష్‌తో రుద్ది, ఆరబెట్టి చూడండి. నిజంగా అరిగిన కార్బైడ్‌ను బూడిదరంగు సానచక్రంపై పెట్టి ప్రయోజనం లేదు. ఆకుపచ్చ సిలికాన్ కార్బైడ్ చక్రమో, వజ్రపు చక్రమో కావాలి.

పాత పడవ పలకలతో మరింత జాగ్రత్త అవసరం. వాటిలో ఇసుక, ఉప్పు, విరిగిన మేకులు ఉంటాయి. అయస్కాంతంతో వెదికితే ఇనుప మేకులు దొరుకుతాయి, రాగి మేకులు దొరకవు. వాటిని ఉలితో గీకి కంటితోనే పట్టుకోవాలి. మేకు తగిలి ఎగిరిన కార్బైడ్ ముక్క కన్ను తీయగలదు గనుక కళ్ళద్దాలు లేకుండా ఈ పని ముట్టరాదు.

మన తీరపు ఉప్పుగాలికి పని లేని రోజుల్లోనూ పదును పోతుంది. తుప్పు తిన్న అంచు సన్నని రంపంలా మారుతుంది. సాయంత్రం బిట్లు తుడిచి, పలుచగా నూనె రాసి, ఒకదానికొకటి తగలకుండా చెక్క దిమ్మె రంధ్రాలలో నిలబెట్టాలి. మరునాడు కలపపై వాడే ముందు ఆ నూనెను తుడవాలి, లేకుంటే మరక పడి వార్నిష్ పట్టదు.