స్నోవైట్ ఎవరి సొత్తు?

కొన్ని వారాలుగా ‘ఫేబుల్స్’ అనే అమెరికన్ కామిక్స్ వరుసను మొదటినుంచీ చదువుతున్నాను. రచయిత బిల్ విల్లింగ్‌హమ్. అధికభాగానికి బొమ్మలు వేసినవాడు మార్క్ బకింగ్‌హామ్. 2002లో డీసీ కామిక్స్ వారి వెర్టిగో శాఖలో మొదలై, 2015లో 150వ సంచికతో ఆగి, 2022లో మళ్ళీ కొనసాగింది.

కథాలోకాలన్నింటినీ ఒక శత్రువు ఆక్రమించుకోగా, అక్కడి పాత్రలు శరణార్థులై న్యూయార్క్ నగరంలో రహస్యంగా కాపురముంటారు. స్నోవైట్ ఆ పేట పాలన చూస్తుంటుంది. భర్త తన తోబుట్టువుతోనే సంబంధం పెట్టుకోవడంతో విడాకులు తీసుకున్న మనిషి. ఆ రాకుమారుడు తరువాత నిద్రాసుందరినీ, సిండ్రెల్లానూ కూడా పెండ్లాడి విడిచాడు. పాత కథల్లోని తోడేలు ఇక్కడ మనిషి రూపంలో నేరాలను విచారించే అధికారి. మనిషి రూపం లేని జంతువులకు నగరంలో చోటు లేదు. ఊరికి దూరంగా ఒక పొలంలో బ్రతకవలసిందే.

పసిపిల్లల కథలను ఇలా చీకటిమయం చేయడం అపచారమన్న మాట వింటూనే ఉంటాం. చరిత్ర చూస్తే నాకలా తోచదు. 1697లో పెరో అచ్చువేసిన ఫ్రెంచి కథలో ఎర్రటోపీ పిల్లను తోడేలు మింగేయడంతో కథ సమాప్తం. రక్షించే వేటగాడెవడూ రాడు. 1812లో గ్రిమ్ సోదరులు తెచ్చిన మొదటి సంపుటంలో స్నోవైట్‌ను చంపించబోయింది కన్నతల్లే. 1819 కూర్పులో ఆమెను సవతితల్లిగా మార్చారు. రపంజెల్ తన బట్టలు బిగుతవుతున్నాయని అమాయకంగా అనే మాట కూడా తరువాత మాయమైంది. గర్భం సంగతి పిల్లల పుస్తకంలో ఉండకూడదు కదా! 1857 నాటి ఏడవ కూర్పుదాకా ఈ దిద్దుబాట్లు సాగాయి. కనుక విల్లింగ్‌హమ్ ఆ కథల్లోకి చీకటిని కొత్తగా తెచ్చాడనలేము. ఒకప్పుడు తుడిచివేసిన దానికే మళ్ళీ చోటిచ్చాడు.

ఐతే నన్ను ఎక్కువగా ఆలోచింపజేసినది చీకటి కాదు, హక్కు. గ్రిమ్ సోదరులకు ఈ కథలు చెప్పినవారిలో అధికులు స్త్రీలు. కాసెల్ పట్టణంలోని వీల్డ్, హాసెన్‌ఫ్లూగ్ కుటుంబాల ఆడపిల్లలు కొన్ని చెప్పారు. ఆ పక్క ఊళ్ళోని దర్జీ భార్య డొరొతేయా వీమాన్ చాలా కథలు చెప్పింది. ఆమెను ముందుమాటలో తలచుకున్నారు; మిగతావారిలో చాలామంది పేర్లు పుస్తకానికెక్కలేదు. వారి కథలు ముందు గ్రిమ్ కథలయ్యాయి. 1937 సినిమా తరువాత, ప్రపంచంలో సగానికి స్నోవైట్ అంటే డిస్నీ గీసిన ముఖమే అయింది. కానీ పాత కథ మాత్రం అందరిదిగానే మిగిలింది. విల్లింగ్‌హమ్ ఎవరి అనుమతీ అడగకుండా తన లోకాన్ని నిర్మించుకోగలిగింది అందువల్లనే.

అనుమతి కావలసినచోట ఏమవుతుందో కూడా ఆయనకు తెలుసు. ఆ శత్రువు పాత్రకు మొదట పీటర్ పాన్‌ను అనుకున్నాడట. దాని హక్కులను రచయిత బారీ 1929లో లండన్‌లోని ఒక పిల్లల ఆసుపత్రికి దానమిచ్చాడు. ఐరోపాలో ఆ హక్కులింకా చెల్లుతున్న కాలం కనుక విల్లింగ్‌హమ్ ఆ ఆలోచన మానుకుని మరొకరిని ఎంచుకున్నాడు. ఎవరినో చెప్పను, చదివి తెలుసుకోవలసిందే.

2023 సెప్టెంబరులో ఆయన చేసిన ప్రకటన ఈ చరిత్రకు ఊహించని మలుపు. ప్రచురణ సంస్థ ఒప్పందాన్ని గౌరవించడంలేదని ఆరోపిస్తూ, కోర్టుకెక్కే స్తోమతు లేదు కనుక ‘ఫేబుల్స్’ను ప్రజలందరికీ ఇచ్చివేస్తున్నానన్నాడు. ఆ పుస్తకాల హక్కులు తమవేనని సంస్థ వెంటనే బదులిచ్చింది. ఎవరి మాట చెల్లుతుందన్నది న్యాయవాదుల సంగతి. నాకు మాత్రం, ఆయన కోపంతోనే ఐనా, ఒక పాత ఋణం తీర్చబోయాడనిపించింది.

ఈ కామిక్స్‌లోనే ఒక నమ్మకం ఉంది: ఎవరి కథను జనం ఎక్కువగా చెప్పుకుంటారో ఆ పాత్రకు చావు అంత కష్టం. స్నోవైట్ తలలో తుపాకి గుండు దిగినా బ్రతుకుతుంది. ఆమెకు ఆ ఆయువు పోసినవారిలో పేరు దక్కని ఆ కాసెల్ ఆడపిల్లలు కూడా ఉన్నారు. హక్కుల పత్రాల్లో వారికి ఏ గడీ లేదు.